మిల్వాకీ అవెన్యూ కొట్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ప్రశ్నలన్నీ చికాగో నగరంలోని పాత వలస పేటల గురించి వచ్చాయి. అక్కడి పోలిష్ పేటలో ఒక మందుల దుకాణంలో చాలాకాలం ఫార్మసిస్టుగా పనిచేసిన తెలుగు మహిళ వీటికి జవాబులు రాశారు.

ప్రశ్న: అబ్బాయి ఉద్యోగం చికాగోలో కావడంతో మేమిద్దరం కొన్ని నెలలు ఉండడానికి వచ్చాం. బస్సులో వెళ్తుంటే కొట్ల మీద ఇంగ్లీషు కాని రాతలు కనిపిస్తున్నాయి. మా కోడలు అవి పోలండ్ వారివని చెప్పింది. ఇంతమంది ఇక్కడికి ఎందుకు వచ్చారు? వార్సా తర్వాత పోలిష్ వారు ఎక్కువగా ఉన్న నగరం ఇదేనంటారు, నిజమేనా?
– రాజమహేంద్రవరం పాఠకురాలు

జవాబు: మీ కోడలు చెప్పింది నిజమేనండీ. మీరు వెళ్లిన దారి మిల్వాకీ అవెన్యూ అయి ఉంటుంది. చికాగో వీధులు చాలావరకు నిలువుగానో అడ్డంగానో ఉంటాయి. ఇది మాత్రం నడిబొడ్డు నుంచి వాయవ్యానికి ఏటవాలుగా పోతుంది. పోలిష్ వారు తరం తర్వాత తరం ఈ వీధి వెంబడే కొంచెం కొంచెంగా జరుగుతూ వెళ్లారు. అందుకే ఈ ఒక్క దారిలో యాభై ఆరో నంబరు బస్సెక్కి చివరిదాకా వెళ్తే వాళ్ల కథంతా కళ్లముందు నుంచి పోతుంది.

1795 నుంచి 1918 దాకా పోలండ్ అనే దేశం పటంలో లేదు. ప్రష్యా, ఆస్ట్రియా, రష్యా దాన్ని పంచుకున్నాయి. భూమి చాలని రైతు కుటుంబాల నుంచి లక్షలాది మంది అమెరికా దారి పట్టారు. చికాగోలో కబేళాలూ ఉక్కు మిల్లులూ వాళ్లకు పని ఇచ్చాయి. 1867లో సెయింట్ స్టానిస్లావ్ కోస్ట్కా పేరిట వాళ్ల తొలి పారిష్, అంటే ఒక చర్చి కింద చేరిన భక్తుల సంఘం, ఇక్కడ ఏర్పడింది. చర్చి చుట్టూ ఇళ్లు లేచాయి, ఇళ్ల కింద కొట్లు వెలిశాయి. మిల్వాకీ, డివిజన్, ఆష్‌లాండ్ వీధులు కలిసే మూడు మూలల కూడలిని ఇప్పటికీ పోలిష్ ట్రయాంగిల్ అనే పిలుస్తారు. తర్వాత కెనడీ ఎక్స్‌ప్రెస్‌వే వేసేటప్పుడు ఆ చర్చి దారికి అడ్డొచ్చింది. పోలిష్ వారు చర్చిని కదలనివ్వలేదు. రోడ్డే పక్కకు ఒదిగింది. కారులో అటు వెళ్లినప్పుడు చూడండి, చర్చి గోడ రోడ్డును దాదాపు ఆనుకునే ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇల్లూ ఊరూ పోగొట్టుకున్నవారు మరో విడతగా వచ్చారు. 1981 డిసెంబరు 13న పోలండ్‌లో సైనిక చట్టం పెట్టాక సాలిడారిటీ అనే కార్మికోద్యమం వారు, వాళ్లతోపాటు బతుకుతెరువు వెతుక్కునేవారు ఇంకో విడతగా వచ్చారు. నేను కౌంటరు వెనక నిలబడ్డ కాలంలో మా దగ్గరికి మందుల చీటీ తెచ్చే పెద్దవాళ్లలో ఎక్కువమంది ఈ ఆఖరి విడతవారే. అక్కడ పెద్ద చదువులు చదివి, ఇక్కడ ఇతరుల ఇళ్లు తుడిచి పిల్లలను పెంచిన ఆడవాళ్లు. ‘రోజుకు రెండుసార్లు’ అని వాళ్ల భాషలో చెప్పడం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. మాత్ర గురించి చెప్పాల్సిన మాటను సొంత భాషలో వింటే ముసలి ముఖాలు ఎంత తేలికపడతాయో నాకు తెలుసు.

వార్సా తర్వాత చికాగోనే అనే మాట సరికాదు. పోలండ్‌లోనే క్రాకోవ్, వూచ్ వంటి పెద్ద నగరాలున్నాయి. చికాగో నగర జనాభా 2020 లెక్కల్లో సుమారు 27 లక్షలు, అందులో పోలిష్ వారు ఒక భాగం మాత్రమే. శివారు ఊళ్లన్నిటినీ, ముత్తాతల కాలంలో వచ్చిన కుటుంబాలనూ కలుపుకుంటే తప్ప ఆ పోలిక నిలవదు. ఆ సమాజం పెద్దదే. దాని గొప్ప చెప్పడానికి ఈ అతిశయోక్తి అవసరం లేదు.

ప్రశ్న: ఒక పేటలో పాత జనం ఇంకా ఉన్నారా, లేక వాళ్ల పేరు మాత్రమే మిగిలిందా అన్నది కొట్లను చూసి చెప్పవచ్చా? నేను ఇక్కడ నగర ప్రణాళిక చదువుతున్నాను.
– హన్మకొండ విద్యార్థి

జవాబు: చెప్పవచ్చు నాయనా. నేను చెప్పగలనని నమ్మకంగా అంటాను. బోర్డును నమ్మకు. బోర్డు ఖరీదైన వస్తువు. కొట్టు చేతులు మారినా దాన్ని అలాగే ఉంచేస్తారు. చికాగోలో పాత సారాయి దుకాణాల ముందు ఓల్డ్ స్టైల్ బీరు కంపెనీ వేలాడదీసిన దీపాల పెట్టెలు ఇప్పటికీ అక్కడక్కడ ఉన్నాయి. వాటిలో కొన్నిటి మీద ‘జిమ్నె పివొ’ అని ఉంటుంది. చల్లని బీరు అని పోలిష్‌లో. లోపలికి వెళ్తే పోలిష్ మాట ఒక్కటీ వినపడకపోవచ్చు. ప్రసిద్ధమైన తిండిని కూడా నమ్మకు. పియెరోగి అనే ఉడకబెట్టిన పిండివంటను ఇప్పుడు ఈ నగరంలో ఎవరైనా తింటారు, ఏ సూపర్ మార్కెట్ ఫ్రీజరులో అయినా దొరుకుతుంది.

ఏడాదిలో కొద్దిరోజులకే పనికొచ్చే సరుకు ఉందా అని చూడు. అది బయటివాళ్లు కొనరు. అది కొనేవాళ్లు పేటలో ఉంటేనే కొట్టువాడు తెప్పిస్తాడు.

అవన్‌డేల్ పేటలో మిల్వాకీ అవెన్యూ మీద ఉన్న కొట్లను ఉదాహరణగా తీసుకో. అక్కడ సెయింట్ హయసింత్ బసిలికా అనే పెద్ద చర్చి ఉంది. ఆ పారిష్ 1894లో మొదలైంది. ఆ పేటను పోలిష్ వారు ‘యాత్స్‌కోవో’ అంటారు, ఆ సెయింటు పోలిష్ పేరు మీదే. డిసెంబరులో ఆ కొట్లకు వెళ్తే గల్లా పెట్టె పక్కన పల్చని తెల్లని అప్పడాల లాంటి రేకులు కవర్లలో పెట్టి ఉంటాయి. వాటి మీద బాల ఏసు, మరియమ్మ బొమ్మలు అచ్చొత్తి ఉంటాయి. వాటిని ఒప్వాటెక్ అంటారు. క్రిస్మస్ ముందు రాత్రి భోజనానికి కూర్చునే ముందు ఇంట్లో ప్రతి ఒక్కరూ తన చేతిలోని రేకును మిగతావారికి అందించి, వాళ్లది ఒక ముక్క విరుచుకుని, ఒకరికొకరు మంచి కోరుకుంటారు. దాన్ని రుచి కోసం ఎవరూ కొనరు. దూరాన ఉన్న బంధువులకు ఉత్తరంలో పెట్టి పంపేవారూ ఉన్నారు. మా మందుల దుకాణంలో ఒక పెద్దావిడ మందులు తీసుకుంటూ సంచిలోంచి ఒక రేకు తీసి నా చేతిలో ముక్క విరిచి పెట్టేది. ఆ చలికాలపు సాయంత్రం అది నాకు దక్కిన పెద్ద గౌరవం.

ఈస్టరుకు ముందు వెళ్తే ఫ్రిజ్‌లో వెన్నతో చేసిన గొర్రెపిల్లలు ఉంటాయి. పవిత్ర శనివారం నాడు గుడ్లు, రొట్టె, ఉప్పు, సాసేజి, ఆ వెన్న గొర్రెపిల్ల ఒక బుట్టలో సర్ది, తెల్లని బట్ట కప్పి, చర్చికి తీసుకెళ్లి దీవెన పెట్టించుకుంటారు. అక్టోబరు ఆఖరులో వెళ్తే గాజు కుప్పెల్లో దీపాలు వరుసలుగా ఉంటాయి. అవి నవంబరు ఒకటిన సమాధుల దగ్గర వెలిగించేవి. హాలోవీన్ సరుకు కోసం వచ్చిన కుర్రకారు వాటిని చూసి అలంకరణ దీపాలనుకుంటారు. చనిపోయిన తల్లిదండ్రులు ఈ నేలలోనే ఉన్నవాళ్లకు మాత్రమే ఆ దీపం కావాలి.

ఇంకో గుర్తు పోలండ్‌కు పార్సిళ్లు పంపే కొట్టు. పెద్ద అట్టపెట్టె నింపి ఇస్తే ఓడలో పంపుతారు. 1980లలో అక్కడ అన్నిటికీ క్యూలు, కరువు. కాఫీ, చాక్లెట్, సబ్బు, పిల్లల బట్టలు, విటమిన్ మాత్రలు ఇక్కడి నుంచి వెళ్లేవి. పోలండ్ 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది. యువకులకు లండన్, డబ్లిన్ దగ్గరయ్యాయి, చికాగో దూరమైంది. కొత్తగా వచ్చేవారు తగ్గారు, ఇక్కడ ఉన్నవారిలో కొందరు తిరిగి వెళ్లిపోయారు. అవన్‌డేల్‌లో అద్దెలు పెరిగి మిగిలినవారు జెఫర్సన్ పార్కుకు, ఆ పైన నైల్స్ వంటి శివారు ఊళ్లకు మారారు. కొట్లు కూడా వాళ్ల వెనకే వెళ్లాయి. అయినా కురోవ్‌స్కీ వంటి పాత సాసేజి దుకాణం మిల్వాకీ అవెన్యూ మీద నిలిచే ఉంది. పొగబెట్టిన మాంసం వాసన కాలిబాట మీదికే వస్తుంది. శనివారం పొద్దున అక్కడ వరుసలో నిలబడి చుట్టూ ఏ భాష వినపడుతోందో విను. నీ చదువుకు అది పాఠమే.

ప్రశ్న: చికాగోలో పిల్సెన్ అనే పేటకు వెళ్లాను. అంతా మెక్సికన్ కొట్లే. పేరు మాత్రం చెక్ దేశపు ఊరిది. అలాగే సెర్మాక్ అనే కూరగాయల మార్కెట్‌లో మనకు కావలసిన కొత్తిమీర, పచ్చిమిర్చి చవకగా దొరుకుతాయి. సెర్మాక్ మెక్సికన్ పేరా?
– అనంతపురం పాఠకుడు

జవాబు: చెక్ పేరేనండీ. ఆంటన్ సెర్మాక్ 1873లో బొహీమియాలోని, అంటే ఇప్పటి చెక్ దేశంలోని, క్లాద్నోలో పుట్టాడు, పసివాడిగా ఉన్నప్పుడే కుటుంబంతో చికాగో ఉన్న ఇల్లినాయి రాష్ట్రానికి వచ్చాడు. బొగ్గు గనుల ఊళ్లో పెరిగాడు. 1931లో చికాగో మేయరయ్యాడు. 1933 ఫిబ్రవరిలో మయామీలో అమెరికా అధ్యక్షుడు కాబోతున్న రూజ్‌వెల్ట్ పక్కన ఉండగా తుపాకీ గుండు తగిలి, మార్చిలో చనిపోయాడు. ఇరవై రెండో వీధికి ఆయన పేరు పెట్టారు. వీధి పేరు మార్కెట్ల పేరైంది. ఇప్పుడు ఆ పేరు వింటే చాలామందికి టమాటాలు, మిరపకాయలు గుర్తొస్తాయి. మేయరు గుర్తురాడు.

పిల్సెన్ పేరు వెనక కథ నాకు మరీ ఇష్టం. 1870లలో ఒక చెక్ వ్యాపారి అక్కడ భోజనశాల పెట్టి, దానికి పిల్సెన్ నగరం పేరు పెట్టాడు. కొట్టు పేరే పేట పేరైంది. పద్దెనిమిదో వీధి మీద థాలియా హాల్ అనే పెద్ద రాతి కట్టడం చూశారా? 1892లో జాన్ డుషెక్ అనే సారాయి దుకాణదారు కట్టించాడు. పైన నాటకశాల, కింద కొట్లు. ఇప్పుడు కింద ఉన్న రెస్టారెంటుకు ఆయన పేరే పెట్టారు. చెక్ వారు మెల్లగా పడమటికి, ఇరవై ఆరో వీధికి, అక్కడి నుంచి సిసిరో, బెర్విన్ ఊళ్లకు వెళ్లిపోయారు. 1960లలో విశ్వవిద్యాలయ ప్రాంగణం కోసం పక్క పేటలో ఇళ్లు కూల్చినప్పుడు అక్కడి మెక్సికన్ కుటుంబాలు పిల్సెన్‌కు వచ్చాయి. చెక్ వారు కట్టిన సెయింట్ ప్రొకోపియస్ చర్చిలో ఇప్పుడు స్పానిష్ ప్రార్థనలు వినిపిస్తాయి. పైన ఇళ్లు, కింద కొట్టు ఉన్న ఇటుక కట్టడాలు మాత్రం వాళ్లవే. తలెత్తి చూడండి, గోడ పైభాగాన కట్టినవారి పేరో సంవత్సరమో చెక్కి ఉంటుంది.

అదే 1933లో క్రాఫర్డ్ అవెన్యూకు పులాస్కీ రోడ్ అని పేరు మార్చారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడి 1779లో ప్రాణమిచ్చిన పోలిష్ సేనాని పేరు అది. ఎదురు తిరిగింది ఆ వీధి వ్యాపారులే. చిరునామాలు, చీటీలు, బోర్డులు అన్నీ మార్చుకోవాలి కదా. కోర్టుల్లో ఆ తగాదా 1952 దాకా నడిచింది. పులాస్కీ పేరే నిలిచింది. నగరం సరిహద్దు దాటి ఎవాన్‌స్టన్, స్కోకీ వెళ్తే అదే వీధి ఇప్పటికీ క్రాఫర్డ్. కొట్టు నడిపేవాడికి వీధి పేరు సొమ్ముతో సమానం. ఆ వ్యాపారుల బాధ నాకు అర్థమవుతుంది గానీ, కబేళాల్లో నెత్తురు కడిగిన జనానికి ఒక వీధి పేరు ఎక్కువేమీ కాదని నా మనసు అంటుంది.

ప్రశ్న: మేము మాంసం, గుడ్లు తినం. పాలు, పెరుగు తింటాం. పోలిష్ కొట్టులో మాకేమైనా దొరుకుతుందా?
– తెనాలి పాఠకురాలు

జవాబు: తప్పకుండా దొరుకుతుందమ్మా, చూసి కొనాలి. ‘త్వారుగ్’ అనే గట్టి జున్ను ఉంటుంది, మన పాలవిరుగుడుకు దగ్గరగా ఉంటుంది. ఉప్పునీళ్లలో సోంపు జాతి ఆకులు, వెల్లుల్లి వేసి పులియబెట్టిన దోసకాయలు, పులిసిన క్యాబేజీ, దండలుగా గుచ్చిన ఎండు పుట్టగొడుగులు, బక్‌వీట్ గింజలు, రై రొట్టె ఉంటాయి. బక్‌వీట్‌ను ఉప్మాలా చేసుకోవచ్చు, నేను చేస్తాను, ఇంగువ పోపు దానికి చక్కగా పడుతుంది. బంగాళాదుంప, జున్ను కూరిన పియెరోగి అడగండి. పిండిలో గుడ్డు ఉందేమో కనుక్కోండి, కొందరు వేస్తారు. హోటల్లో అయితే పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లవద్దని ముందే చెప్పండి. అడగకుండానే చల్లుతారు, వాళ్ల దృష్టిలో అది మర్యాద. క్యాబేజీ కూరల్లో మాంసం కలిసి ఉండవచ్చు.

తీపి రొట్టెల విషయంలో జాగ్రత్త. పొంచ్కి అనే జామ్ కూరిన గుండ్రని వంటకంలో గుడ్డు పచ్చసొనలు బాగా వేస్తారు, సంప్రదాయం ప్రకారం పంది కొవ్వులో వేయించేవారూ ఉన్నారు. అవి మీకు పనికిరావు.

ప్రశ్న: ఉక్రేనియన్ విలేజ్‌లో అద్దెకు ఉంటున్నాం. దగ్గరలోనే రెండు ఉక్రెయిన్ చర్చిలున్నాయి. ఒకే జాతికి అంత దగ్గరగా రెండెందుకు?
– విజయవాడ పాఠకుడు

జవాబు: పదమూడు గుమ్మటాలున్నది సెయింట్ నికొలాస్ కేథడ్రల్. 1913–15 మధ్య కట్టారు, కీవ్‌లోని సెయింట్ సోఫియా దానికి నమూనా. 1960లలో అక్కడ కొత్త క్యాలెండరు పాటించాలా, పాతదే కొనసాగించాలా అన్న గొడవ వచ్చింది. పాత జూలియన్ క్యాలెండరు వదలలేనివారు విడిపోయి 1970లలో సెయింట్ వోలొదిమిర్, ఓల్హా చర్చి కట్టుకున్నారు. ఆ కారణంగా చాలాకాలం ఒకే పేటలో కొందరికి డిసెంబరు 25న, కొందరికి జనవరి 7న క్రిస్మస్ వచ్చేది. చికాగో అవెన్యూ మీది కొట్లకు పండగ బేరం రెండుసార్లు ఉండేది.

ఆ వీధి మీదే సెల్ఫ్‌రిలయన్స్ అనే పరపతి సంఘం ఉంది, 1951లో యుద్ధ నిర్వాసితులు పెట్టుకున్నది. కొత్తగా వచ్చినవాడికి బ్యాంకు అప్పు ఇవ్వదు, సొంతవాళ్లు ఇస్తారు. ఇళ్లు, కొట్లు నిలబడింది ఆ అప్పులతోనే. 2022 తర్వాత యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు మళ్లీ ఆ పేట తలుపు తట్టాయి. మీ వీధి చివర బేకరీలో కొత్తగా చేరిన అమ్మాయి ఇంగ్లీషు తడబడుతుంటే కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: మాక్స్‌వెల్ స్ట్రీట్ పోలిష్ అనే సాసేజి శాండ్‌విచ్ కూడా పోలిష్ వారిదేనా?
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: వంటకం పోలిష్. దాన్ని ఆ వీధిలో పేరుకెక్కించింది 1939లో అక్కడ బండి నడిపిన జిమ్మీ స్తెఫానొవిచ్, మాసిడోనియా నుంచి వచ్చినవాడు. ఆ వీధిలోని బజారు అప్పట్లో యూదు వర్తకులది. తినేవారిలో అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి వచ్చిన నల్లజాతి కార్మికులు ఎక్కువ. వేయించిన ఉల్లిపాయ, ఆవపిండి, పచ్చి మిరపకాయలు పెట్టి ఇస్తారు.

ప్రశ్న: మన పత్రికలో పోలిష్, చెక్ కొట్ల గోల ఎందుకు? మనవాళ్ల గురించి రాయవచ్చు కదా.
– నెల్లూరు పాఠకుడు

జవాబు: మనవాళ్ల గురించే రాస్తున్నానండీ. డెవాన్ అవెన్యూకు వెళ్లి చూడండి. మన సరుకులమ్మే పటేల్ బ్రదర్స్ తొలి దుకాణం 1974లో తెరిచింది ఆ వీధిలోనే. అదే వీధిలో క్రొయేషియా వారి సాంస్కృతిక కేంద్రం ఉంది. సోవియట్ దేశం వదిలి వచ్చిన యూదుల కోసం రష్యన్ సరుకులమ్మే కొట్లు వెలిశాయి, వాటిలో ఎండు చేపలు, చెక్క బొమ్మలు, రష్యన్ పుస్తకాలు పక్కపక్కనే ఉండేవి. మన పప్పులు, పొడులు అమ్మే గదుల్లో మనకంటే ముందు వేరేవాళ్లు తూకం వేశారు. ఆ కొట్లలో ఉగాది ముందు ఎండు వేపపువ్వు పొట్లాలు కనిపిస్తాయి. పోలిష్ కొట్టులో ఒప్వాటెక్ ఎంతో, అక్కడ ఆ పొట్లం అంత. మనవాళ్లు నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్ వైపు మారిపోతున్నారు, పోలిష్ వారు నైల్స్ వైపు మారినట్టే. డెవాన్ మీద వేపపువ్వు తెప్పించే కొట్టు ఎన్నాళ్లుంటుందన్నది నాకు నిజంగా దిగులు కలిగించే ప్రశ్న. పెద్ద మార్కెట్లో రూపాయి తక్కువకు దొరికినా, పండగ సరుకు నేను ఆ చిన్న కొట్లలోనే కొంటాను. మిమ్మల్నీ కొనమంటాను.

ప్రశ్న: పోలిష్ పేట చూడడానికి ఏ కాలం మంచిది?
– విశాఖపట్నం పాఠకురాలు

జవాబు: చలికి భయపడకపోతే ఫిబ్రవరి ప్రాంతంలో, ఈస్టరుకు ముందు ఉపవాస దినాలు మొదలయ్యే బుధవారానికి ముందటి గురువారం. ఆ రోజు ప్రతి పోలిష్ బేకరీ ముందు తెల్లవారకముందే వరుస కడతారు, పొంచ్కి పెట్టెలకు పెట్టెలు కొంటారు. వెచ్చగా కావాలంటే సెప్టెంబరు మొదట్లో, లేబర్ డే సెలవుల్లో జెఫర్సన్ పార్కులోని కోపర్నికస్ సెంటర్ దగ్గర టేస్ట్ ఆఫ్ పొలోనియా ఉత్సవం ఉంటుంది. బ్లూ లైన్ రైల్లో జెఫర్సన్ పార్కు స్టేషనులో దిగితే నడిచే దూరమే. ఉత్సవం చూశాక మిల్వాకీ అవెన్యూ మీద ఏదో ఒక కొట్టులోకి వెళ్లి, రై రొట్టె ఒకటి కొని, ‘జెన్ దొబ్రి’ అని పలకరించండి. సమాధానం వెంటనే వస్తుంది.